కృతికర్త, కృతిస్వామి: అధ్యాపక రచనలపై గ్రంథస్వామ్య విచారము

ప్రాచీనాంధ్ర కావ్యములను బోధించువారికి కృతికర్త, కృతిభర్త అను రెండు మాటలు సుపరిచితములు. కావ్యమును రచించినవాడు కృతికర్త. దానిని అంకితముగా గొన్నవాడు కృతిభర్త. రాజరాజనరేంద్రుని ప్రేరణచే పుట్టిన భారతమును లోకము నన్నయ భారతమనియే వ్యవహరించినది. పోషకునకు కీర్తి దక్కెను గాని కర్తృత్వము దక్కలేదు. మరియు తాళపత్రములపై ఆ కావ్యమును ఎత్తి వ్రాసికొనదలచినవాడు కర్త అనుమతిగాని, భర్త అనుమతిగాని వేడవలసిన పని యుండెడిది కాదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప ఈ స్థితి మారినది. ఒక్క ప్రతి వేయి ప్రతులగుటయు, ప్రతి ప్రతికిని వెల యేర్పడుటయు సంభవించినందున, ముఖపత్రము వెనుక ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాట చేరినది. కర్తృత్వము వేరు, స్వామ్యము వేరు అని ఈ చిన్న మాట చెప్పుచున్నది. వ్రాసినవాడొకడు, స్వామి మరొకడు కావచ్చును. ఈ భేదము అధ్యాపకవృత్తిలో నున్నవారికి మిక్కిలి సమీపమైనది. కళాశాలలందును, విశ్వవిద్యాలయములందును జీతముపై పనిచేయువారు వ్రాసిన పాఠములు, ప్రశ్నపత్రములు, వాచకములు, వ్యాఖ్యలు ఎవరి సొత్తు? వ్రాసినవారివా, జీతమిచ్చిన సంస్థవా? ఈ ప్రశ్నను మన దేశపు చట్టమును ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

పూర్వము ఈ ప్రశ్న మనల నంతగా బాధింపలేదు. అధ్యాపకుని పాఠము గంట మ్రోగుటతో ముగిసెడిది. ఆయన వ్రాతపుస్తకము ఆయన బీరువాలోనే యుండెడిది. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన కళాశాలలు మూతపడినప్పుడు పాఠములు యంత్రములలో నిక్షిప్తములైనవి. అధ్యాపకుడు బదిలీయైనను, పదవీ విరమణము చేసినను, ఆ పాఠము అచ్చటనే నిలిచి నడచుచున్నది. మేమెరిగిన పెద్దలొకరు పాతికేండ్లు శ్రమించి సిద్ధపరచిన వ్యాకరణ పాఠములు, వారు కొలువు వీడిన పిదప, వారి పేరు లేకుండ అచ్చుపడి విద్యార్థుల చేతులలో కనబడినవి. వారు కోరినది ధనము కాదు, పేరు మాత్రమే. అట్లడుగుటకు తమకు హక్కున్నదో లేదో వారికి తెలియదు; వారు అడిగినవారికిని తెలియదు. ఇరుపక్షములకును తెలియని హక్కు లేని హక్కుతో సమానమే.

చట్టము చెప్పునది

మన దేశమున 1911 నాటి బ్రిటిషు చట్టము ననుసరించి 1914లో ఒక కాపీరైటు చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1957లో చేయబడి, 1958 జనవరి 21 నుండి అమలైన చట్టమే పెక్కు సవరణలతో నేటికిని వర్తించుచున్నది. ఈ చట్టము కాపాడునది భావమును కాదు, భావమును చెప్పిన రీతిని. యతిప్రాసల నియమము ఎవరి సొత్తును కాదు. కాని ఆ నియమమును విద్యార్థికి బోధపరచుటకు ఒక అధ్యాపకుడు కూర్చిన వాక్యములును, ఉదాహరణల క్రమమును ఆయన రచనయగును. ఈ హక్కు పుట్టుటకు నమోదు అవసరము లేదు. రచన కాగితముపై వెలసిన క్షణముననే హక్కు పుట్టును.

హక్కు ఎవరిదను దానిని సెక్షను 17 నిర్ణయించుచున్నది. మూలసూత్రము స్పష్టము: రచయితయే మొదటి స్వామి. పిమ్మట కొన్ని అపవాదములు చెప్పబడినవి. వానిలో మనకు ముఖ్యమైనది మూడవ ఉపవిభాగము. దాని తాత్పర్యమిది: కొలువు ఒడంబడికకు లోబడి, ఉద్యోగ నిర్వహణలో భాగముగా చేసిన రచనకు, విరుద్ధమైన ఒప్పందమేదియు లేనియెడల, యజమాని మొదటి స్వామి యగును. అధ్యాపకులను గూర్చి గాని, పాఠ్యలేఖనములను గూర్చి గాని ఈ ఉపవిభాగమున సూటియైన మాట ఒక్కటియు లేదు. కావున ఇందలి మూడు షరతులను వేరువేరుగ చూడవలసి యున్నది: కొలువు ఒడంబడిక యుండవలయును, రచన ఉద్యోగ నిర్వహణలో భాగమై యుండవలయును, విరుద్ధమైన ఒప్పందము లేకుండవలయును. మూడును కూడినప్పుడే స్వామ్యము సంస్థకు చేరును.

కొలువును, పనియు

కొలువు ఒడంబడిక వేరు, పని ఒడంబడిక వేరు. యజమాని యధీనమున నిత్యము పనిచేయువానిది మొదటిది. ఫలానా పని చేసి యిచ్చెదనని స్వతంత్రుడు ఒప్పుకొనునది రెండవది. ఈ భేదమును విద్యారంగమున స్థాపించిన తీర్పు 1916లో ఇంగ్లండులో వెలువడిన లండను విశ్వవిద్యాలయ ముద్రణాలయపు వ్యాజ్యము. మెట్రిక్యులేషను పరీక్షకు గణితశాస్త్ర ప్రశ్నపత్రములను సిద్ధపరచిన పరీక్షకుల హక్కు అందు చర్చకు వచ్చినది. న్యాయమూర్తి పీటర్సను రెండు విషయములు నిర్ణయించిరి. ప్రశ్నపత్రము కూడ చట్టదృష్టిలో సాహిత్య రచనయే. శైలీ సౌందర్యముతో పని లేదు, స్వబుద్ధితో కూర్చినదైన చాలును. ఆ పరీక్షకులు విశ్వవిద్యాలయపు కొలువువారు కారు. ఒక పనికి నియుక్తులైన స్వతంత్రులు. కావున హక్కు మొదట వారియందే పుట్టినది; వారి యొప్పందము ననుసరించియే అది విశ్వవిద్యాలయమునకు చేరవలెను.

ఇంతకంటె మనకు సన్నిహితమైనది 1952లో ప్రకటితమైన స్టీఫెన్సన్ జోర్డను సంస్థ వ్యాజ్యము. ఒక వ్యాపార సలహాసంస్థలో కొలువున్న గణకుడు గ్రంథమొకటి వ్రాసెను. అందు కొంతభాగము ఆయన ఇచ్చిన ఉపన్యాసముల నుండి పుట్టినది. కొంతభాగము సంస్థ అప్పగించిన యొక పనిలో నుండగా వ్రాసినది. అప్పీలు న్యాయస్థానము ఆ గ్రంథమును విభజించి చూచినది. ఉపన్యాస భాగము రచయితదనియు, అప్పగింతపై వ్రాసిన భాగము సంస్థదనియు తీర్పు చెప్పినది. ఆ సందర్భమున న్యాయమూర్తి డెన్నింగు అధ్యాపకుని ఉదాహరణము నెత్తుకొనిరి. పాఠమును నోటితో చెప్పుటకు నియుక్తుడైన ఉపాధ్యాయుడు తన సౌకర్యమునకై దానిని వ్రాసికొనినచో, ఆ వ్రాత కొలువునకు ఉపకరించునదే గాని కొలువులో భాగము కాదనియు, దానిపై హక్కు ఆయనదే యనియు వారి అభిప్రాయము. ఆంగ్లదేశపు తీర్పులు మన న్యాయస్థానములను బంధింపవు. కాని మన చట్టపు మాటలు ఆ దేశపు చట్టము నుండియే వచ్చినవి గనుక, అవి మార్గదర్శకములు.

ఇందుండి ఒక పరీక్ష యేర్పడుచున్నది. ఈ రచనను చేయుట నా విధియా, కాక నా విధికి సహాయకమా? తెలుగుశాఖలో ఉపన్యాసకుడు మనుచరిత్ర పాఠము చెప్పుటకు విధిబద్ధుడు. ఆ పాఠమునకై ఆయన వ్రాసికొనిన వ్యాఖ్య విధికి సహాయకము. కాని శాఖాధ్యక్షుడు బోధనభారమును తగ్గించి, మొదటి సంవత్సరమునకు పాఠ్యపుస్తకమును వ్రాయుమని వ్రాతపూర్వకముగ ఆదేశించినచో, ఆ పుస్తకము విధియే యగును. జీతము ముట్టినంత మాత్రమున వ్రాసిన దంతయు జీతమిచ్చినవారిది కాదు. ఇంటియొద్ద వ్రాసినంత మాత్రమున వ్రాసినవారిదియు కాదు. కాలము, స్థలము గౌణములు, విధి ప్రధానము.

తరగతి గదిలోని మాట

నోటి పాఠమునకు కూడ స్వామ్యమున్నదా? ఈ ప్రశ్న పాతది. 1825లో లండనులోని సెయింటు బార్తొలొమ్యూ ఆసుపత్రియందు శస్త్రవైద్యుడు అబర్నెతీ చెప్పిన పాఠములను లాన్సెటు పత్రిక ప్రకటింపగా, ఆయన న్యాయస్థానము నాశ్రయించెను. శిష్యులు తమ జ్ఞానమునకై పాఠమును వ్రాసికొనవచ్చును గాని దానిని అమ్మి లాభము పొందరాదని లార్డు ఎల్డను నిర్ణయించిరి. 1887లో గ్లాస్గో విశ్వవిద్యాలయ నీతిశాస్త్రాచార్యులు ఎడ్వర్డు కెయిర్డు పాఠములను పుస్తక విక్రేతయొకడు అచ్చువేయగా, ప్రభువుల సభ అదే సూత్రమును స్థిరపరచినది. తరగతి గదిలో విద్యార్థులకు చెప్పిన పాఠము లోకమునకు వెల్లడించినది కాదనియు, దానిపై ఆచార్యుని హక్కు చెడదనియు ఆ తీర్పు సారము.

మన చట్టమునకు 1983లో చేసిన సవరణ ఈ సందర్భమున గమనింపదగినది. బహిరంగముగ చేసిన ప్రసంగమునకు, వక్త మరొకరి కొలువులో నున్నను, ఆ యజమానియే సభ నేర్పాటు చేసినను, స్వామ్యము వక్తదే యని అందు చెప్పబడినది. ఇతరుల పక్షమున మాటలాడినచో ఆ యితరులది. కావున స్మారకోపన్యాసములు, సదస్సులలో చేసిన ప్రసంగములు నిస్సందేహముగ ఉపన్యాసకునివి. తరగతి పాఠము బహిరంగ ప్రసంగము కాదు గనుక, దానికి పైని చెప్పిన విధి పరీక్షయే శరణ్యము.

దృశ్యపాఠముల విషయము మరింత జటిలము. చిత్రీకరించిన పాఠమును చట్టము చలనచిత్రముగ పరిగణించును. చలనచిత్రమునకు రచయిత నిర్మాత. అనగా సామాన్యముగ చిత్రీకరింపజేసిన సంస్థ. కాని అందు చదివిన లిఖిత పాఠముపై హక్కు వేరుగ నిలుచును. అంతేకాక 1994 సవరణచే ఉపన్యాసమిచ్చువాడు కూడ ‘ప్రదర్శకుడు’ అను నిర్వచనములో చేరెను. నటునకును గాయకునకును ఉన్నట్లే ఆయనకును తన ప్రదర్శనముపై హక్కు కలదు; దాని పరిమితి 50 ఏండ్లు. చిత్రీకరణమునకు వ్రాతపూర్వకముగ సమ్మతించినచో, విరుద్ధమైన ఒప్పందము లేనియెడల, నిర్మాత వినియోగమును ఆయన అడ్డగింపజాలడు. కాని వాణిజ్య వినియోగమున రాయల్టీ కడుగ వచ్చునని 2012 సవరణ చెప్పుచున్నది. 2020లో తొందరలో చిత్రింపబడిన వేలకొలది పాఠములకు ఎందరు సమ్మతిపత్రములు వ్రాసిరో, ఎందరు వ్రాయలేదో ఆయా సంస్థలు పరిశీలించుకొనవలసి యున్నది.

సంకలనము, వ్యాఖ్య, సిద్ధాంతగ్రంథము

తెలుగుశాఖలలో తరచుగ పుట్టునవి పద్యసంకలనములు. వీనికి 1923లో ప్రివీ కౌన్సిలు బొంబాయి నుండి వచ్చిన యప్పీలుపై చెప్పిన తీర్పు నేటికిని ఆదర్శము. మాక్మిలను సంస్థ, ప్లూటార్కు వ్రాసిన అలెగ్జాండరు చరిత్రకు నార్తు చేసిన పాత అనువాదమును సంక్షేపించి, వ్యాఖ్యలు చేర్చి విద్యార్థులకై ప్రకటించెను. కూపరు సంస్థ అట్టిదే మరొకటి వెలువరించెను. పాత గ్రంథము నుండి కొన్ని భాగములను విడిచినంత మాత్రమున నూతన హక్కు పుట్టదనియు, వ్యాఖ్యలు మాత్రము స్వతంత్ర రచనలు గనుక వానిని కాపాడవలయుననియు తీర్పు వెలువడినది. పెద్దన పద్యములు అందరివి. వానిపై అధ్యాపకుడు వ్రాసిన టిప్పణము ఆయన విధి ననుసరించి ఆయనది గాని, సంస్థది గాని యగును.

ఆధునికుల రచనలను చేర్చునప్పుడు మరొక జాగరూకత వలయును. రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు హక్కు నిలుచును. 1915లో మరణించిన గురజాడ రచనలు నేడు సర్వజనులవి. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ రచనలపై హక్కు 2036 అంతము వరకును, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై 2043 అంతము వరకును ఉండును. తన రచనకు హక్కు కోరు అధ్యాపకుడు ఇతరుల హక్కును పాటించుట న్యాయము.

స్వామ్యము వేరు, వినియోగము వేరు అనియు ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను. బోధన సందర్భమున గురుశిష్యులు ఇతరుల రచనలను ప్రతులు తీసికొనుటను సెక్షను 52 అనుమతించుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి ప్రతుల దుకాణముపై విదేశ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాలో, ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2016లో ఈ మినహాయింపునకు విస్తృతార్థము నిచ్చినది. కాని ఒక పాఠమును తరగతికై ప్రతులు తీయు స్వేచ్ఛ, దానిపై స్వామ్యమును ఇతరులకు కట్టబెట్టదు.

పరిశోధక విద్యార్థులకు ముఖ్యమైనది సిద్ధాంతగ్రంథము. పరిశోధకుడు విశ్వవిద్యాలయపు కొలువువాడు కాడు. వేతనమునకు మారుగ గ్రంథమును వ్రాసి యిచ్చుటకు ఒప్పుకొనినవాడును కాడు. కావున సిద్ధాంతగ్రంథముపై హక్కు సామాన్యముగ వానిదే. పర్యవేక్షకుడు విషయమును సూచించి యుండవచ్చును, దారి చూపి యుండవచ్చును, దోషములను దిద్ది యుండవచ్చును. ఇవి గౌరవార్హములు, కృతజ్ఞతాపూర్వకముగ పేర్కొనదగినవి. కాని భావమునకు స్వామ్యము లేదని ముందే చెప్పితిమి. సహరచయిత యగుటకు రచనలోనే విడదీయరాని భాగము వ్రాసియుండవలయును. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధనల ననుసరించి సిద్ధాంతగ్రంథముల ప్రతులు శోధగంగ భాండాగారమున చేరుచున్నవి. అది చదువరులకు అందుబాటే గాని స్వామ్య పరిత్యాగము కాదు.

విశ్వవిద్యాలయము, ప్రభుత్వము

ఇంతవరకు చెప్పినది ప్రైవేటు కళాశాల అధ్యాపకునకు సరిపోవును. ఇతరుల విషయమున చట్టమునందు మరి రెండు అపవాదములున్నవి. ప్రభుత్వ ఆదేశమునకు గాని, అదుపునకు గాని లోబడి చేసిన రచనకు ప్రభుత్వము మొదటి స్వామి. ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు దీనిని గమనింపవలెను. 1983లో చేర్చిన మరొక ఉపవిభాగము ప్రకారము, ‘పబ్లిక్ అండర్‌టేకింగు’ యొక్క ఆదేశముననో అదుపుననో చేసిన, లేక మొదట ప్రచురించిన రచనకు ఆ సంస్థ స్వామి యగును. ఆ మాటకు చట్టమిచ్చిన వివరణలో శాసనముచే ఏర్పడిన నిగమములును చేరుచున్నవి. మన విశ్వవిద్యాలయములు చాలవరకు శాసనసభల చట్టములచే ఏర్పడినవే. కావున విశ్వవిద్యాలయము తన ఆదేశముపై వ్రాయించి, తానే మొదట ముద్రించిన పాఠ్యగ్రంథముపై, విరుద్ధమైన ఒప్పందము లేనియెడల, స్వామ్యము తనదని వాదించుటకు బలమైన ఆధారమున్నది.

ఇది తెలుగు పాఠ్యరచనకు దూరపు విషయము కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగ నెలకొని, తరువాత డాక్టరు బి. ఆర్. అంబేడ్కర్ పేర వెలయుచున్న సంస్థ వంటివానికి పాఠములే తరగతి గది. అట్టి పాఠములను ఇతర సంస్థల అధ్యాపకులు పారితోషికము గొని వ్రాయుదురు. వారు ఆ సంస్థ కొలువువారు కారు గనుక కొలువు సూత్రము వర్తింపదు. కాని ఆదేశ, ప్రచురణ సూత్రము వర్తింపవచ్చును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వలె పాఠ్యపుస్తకములను వ్రాయించు ఇతర సంస్థలకు కూడ ఈ విచారము సమానమే. ఒక్క పారితోషికపు రసీదును చూచి, స్వామ్యము ఎవరిదో చెప్పుట సాధ్యము కాదు. పరిష్కారము ఒప్పందపు మాటలలోనే యున్నది.

సంస్థ పక్షమును కూడ సానుభూతితో చూడవలెను. పదిమంది కలిసి వ్రాసిన పాఠములను ఏటేట సవరించి ముద్రించుటకు, పదిమంది వారసుల అనుమతి వేడవలసివచ్చినచో విద్యార్థి నష్టపోవును. ప్రజాధనముతో పుట్టినది ప్రజలకు అందవలెననుటయు న్యాయమే. కాని సవరించి ముద్రించు అనుమతి చాలినచోట సర్వస్వామ్యమును గొనుట అనవసరము.

పేరు నిలుపుకొను హక్కు

స్వామ్యము చేజారినను కర్తకు మిగిలి యుండు హక్కు సెక్షను 57లో కలదు. స్వామ్యమునకు అతీతముగ, దానిని ఇతరులకు ధారపోసిన పిదప కూడ, ఈ రచన నాదని చెప్పుకొనుటకును, తన గౌరవమునకు భంగము కలుగునట్లు రచనను వికృతము చేయుటను అడ్డగించుటకును కర్తకు హక్కున్నది. నన్నయ భారతమును నన్నయదని చెప్పుటలో నున్న లోకన్యాయమే ఇచ్చట శాసనరూపము దాల్చినది. మేము పైని పేర్కొనిన పెద్దలు కోరిన పేరునకు ఆధారము ఈ సెక్షనే. ఆ పాఠముల స్వామి ఎవరైనను, అవి తమవని చెప్పుకొను హక్కు వారినుండి పోలేదు.

స్వామ్యమును ధారపోయుట కూడ మాటతో జరుగదు. సెక్షను 19 ప్రకారము అది వ్రాతపూర్వకముగ, సంతకముతో జరుగవలెను. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రాంతమున అను వివరములుండవలెను. కాలము చెప్పనిచో 5 ఏండ్లే. ప్రాంతము చెప్పనిచో భారతదేశము మాత్రమే. తమ రచనను లోకమునకు ఉచితముగ సమర్పింపగోరువారు బహిరంగ ప్రకటనచే హక్కును వదలుకొనుటకు సెక్షను 21 దారి చూపుచున్నది.

కర్తవ్యము

ఈ విచారమునుండి తేలునది యిది. చట్టము చాలచోట్ల ‘విరుద్ధమైన ఒప్పందము లేనియెడల’ అని చెప్పి తీర్పును మన చేతులలోనే యుంచినది. ఆ ఒప్పందమును ముందుగ వ్రాసికొనినచో వివాదములు సగము తొలగును. విశ్వవిద్యాలయములు చేయు నియమములలో నాలుగు అంశములు స్పష్టముగ నుండవలెనని మా అభిప్రాయము. అధ్యాపకుడు తన బోధనకై వ్రాసికొనిన పాఠములు, వ్యాఖ్యలు ఆయనవే యగుట మొదటిది. సంస్థ ప్రత్యేకముగ ఆదేశించి, పనిభారమును తగ్గించియో పారితోషికమిచ్చియో వ్రాయించిన వానిపై సంస్థకు ప్రచురణ హక్కును, రచయితకు తన గ్రంథములలో వానిని వాడుకొను స్వేచ్ఛయు నుండుట రెండవది. దృశ్యపాఠములను ఎంతకాలము వాడుకొందురో, పదవీ విరమణానంతరము ఏమగునో ముందే చెప్పుట మూడవది. ఏ పరిస్థితిలోను వ్రాసినవారి పేరు తొలగింపకుండుట నాలుగవది, అన్నిటిలోను ముఖ్యమైనది.

అధ్యాపకులకును ఒక ధర్మమున్నది. వ్రాతప్రతిపై తేదీ వేసికొనుట, ఆదేశపత్రమును దాచికొనుట, ఒప్పందమును చదివి సంతకము చేయుట సాధారణపు పనులే యైనను, వివాద కాలమున అవియే సాక్ష్యములు. శిష్యుని రచనను తన పేర ప్రకటింపని గురువే తన రచనకు న్యాయము కోరుటకు అర్హుడు. ఈ విషయమై ఆయా శాఖలు తమ పాలక మండలులలో చర్చించి నియమములను రూపొందించునట్లు విజ్ఞులు పూనుకొందురు గాక.